సున్నా గోడ నుంచి కొలత

నాకు సుజన అంటే కుళ్ళు. చివరిదాకా దాచిపెట్టి తీరిగ్గా ఒప్పుకునే ఓపిక నాకు లేదు, అందుకే ముందే చెప్పేస్తున్నాను. నాకు నలభై తొమ్మిదేళ్ళు, ఆ పిల్లకు ఇరవై తొమ్మిది. కర్నూలులో ఈ ప్రైవేటు కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా ఎమ్మెస్సీ పిల్లలకు విద్యుదయస్కాంతత్వం చెబుతున్నాను. నా పేరు ఉమామహేశ్వర. కాలేజీలో మాత్రం అటెండరు నుంచి ప్రిన్సిపాలు దాకా అందరికీ యు.ఎం. సారునే. సుజన కడప జిల్లా తుమ్మలపల్లె పిల్ల. వాళ్ళ నాయన యురేనియం గనిలో ఎలక్ట్రీషియన్. ఆమె వచ్చిన రోజే ప్రిన్సిపాలు నా రెండు సెక్షన్లలో ఒకదాన్ని, అందులోనూ 'ఏ' సెక్షన్‌ను, తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మీకు భారం తగ్గుతాది గదా సార్" అన్నాడు.

భారమని నేను ఆయనతో ఎప్పుడు మొరపెట్టుకున్నాను?

ఆ రోజే మధ్యాహ్నం సుజన నా టేబులు దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో ఒక పాత నోటుబుక్కు ఉంది. "సార్, మీతో ఒక మాట చెప్పాల. శానా దినాల నుంచి..." అని మొదలుపెట్టింది.

"టైంటేబులు సంగతైతే ప్రిన్సిపాలుకు చెప్పుకో మ్మా" అని తల దించుకున్నాను. నోటుబుక్కు తెరవకుండానే వెళ్ళిపోయింది.

మా రెండు సెక్షన్ల మధ్య ఉన్నది పేరుకే గోడ. ప్లైవుడ్ చెక్క కొట్టి రంగు వేశారు. ఈ పక్క దగ్గితే ఆ పక్క వినిపిస్తుంది. అలా వినిపించేవాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది నవ్వు. ఆమె క్లాసులో పిల్లలు నవ్వేవాళ్ళు. నా క్లాసులో ఇరవై రెండేళ్ళలో ఎవరూ నవ్వలేదు. అది నవ్వే సబ్జెక్టు కాదనుకునేవాణ్ణి. తర్వాత నా బీ సెక్షన్ పిల్లలు కూడా టిఫిన్ డబ్బాలు పట్టుకుని మధ్యాహ్నం ఆ పక్కకు పోవడం మొదలుపెట్టారు. పొరుగింటి పుల్లకూర రుచి అనుకున్నాను. నెల తిరిగేసరికి ఆ సామెత కూడా ఊరట ఇవ్వడం మానేసింది.

ఫిబ్రవరిలో ఒక రోజు బోర్డు మీద పెట్టె లెక్క వేస్తున్నాను. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. ఒక రేకుపెట్టె ఉందనుకోండి. ఎడమ గోడ, కుడి గోడ, పై గోడ మూడింటినీ భూమికి కలిపారు, అంటే వాటి మీద వోల్టేజీ సున్నా. అడుగున మాత్రం వంద వోల్టులు. పెట్టె లోపల ఏ చోట ఎన్ని వోల్టులుంటాయి? ఇది తేలాలంటే ముందు అడ్డాన్నీ నిలువునూ విడదీసి, దేని సమీకరణం దానికి రాయాలి. అడ్డంగా పోతే రెండు పక్కలా సున్నా గోడలే. అక్కడ సైను సరిపోతుంది, అది పైకి లేచి మళ్ళీ సున్నాకు దిగి వస్తుంది. నిలువుగా పోతే సున్నా ఒక్క పై గోడ దగ్గరే. అక్కడ సైన్‌హెచ్ కావాలి. సైన్‌హెచ్ సున్నాను ఒక్కసారే ముట్టుకుంటుంది. దాన్ని వదిలాక ఎంత దూరం పోతే అంత పెరగడమే, మళ్ళీ వెనక్కు రాదు. నా కడుపుమంటది కూడా అదే జాతి.

గైడ్లలో ఉండే దారి ఇది. అడుగు నుంచి ఎత్తు కొలుస్తూ ఒక సైన్‌హెచ్‌ను, దాని జోడు కాస్‌హెచ్‌ను కలిపి రాయాలి. వాటి ముందు తెలియని సంఖ్యలు రెండు పెట్టాలి. పై గోడ దగ్గర మొత్తాన్ని సున్నా చేసి, ఒక సంఖ్యను తీసుకెళ్ళి ఇంకోదాంట్లో వేయాలి. ఒకటిన్నర పేజీ పడుతుంది. సగం మంది ప్లస్సు మైనస్సుల దగ్గర బోల్తా పడతారు. పదిహేనేళ్ళుగా నేను చెబుతున్నది ఇదే.

రెండో సంఖ్య దగ్గర ఉండగా చెక్క అవతలి నుంచి సుజన గొంతు వినిపించింది.

"అడుగు నుంచి ఎందుకు కొలుస్తాండారు? సున్నా యాడుండాది? పైన. అయితే పై గోడ కాడ నిలబడుకోని కిందికి చూడండి. ఎంత దూరం వచ్చినామో కాదు, ఆ గోడకు ఇంకెంత మిగిలిందో రాయండి. నేసింది కాదు, మిగిలింది లెక్కపెట్టు! పెట్టె ఎత్తు b, మనముండేది y. b మైనస్ y. ఒకే ఒక సైన్‌హెచ్. అంతే, అయిపాయె."

అవతల పిల్లలు బల్లలు చరిచారు. ఇవతల నా చేతిలో సుద్దముక్క విరిగింది.

నేసింది కాదు, మిగిలింది లెక్కపెట్టు. అది మా నాయన మాట. మా నాయన నరసన్న ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. చీర ఎంత నేశావని ఎవరన్నా అడిగితే ఒడిలోని బట్టను చూసేవాడు కాదు, ఎదురుగా ఇంకా నేయని పడుగు దారాలు చుట్టిన కొయ్య వైపు చూసి ఇంకెంత ఉందో చెప్పేవాడు. "నేసింది చూసుకుంటే చెయ్యి నిదానమవుతాది రా" అనేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ లెక్క చెబుతూ చెబుతూ నాకు ఆయన చూపు గుర్తుకొచ్చింది. పై గోడ దగ్గర సున్నా వేసి అక్కడి నుంచి కొలిచాను. ఒకటిన్నర పేజీ లెక్క మూడు లైన్లకు దిగింది. ఆ పై గోడకు సున్నా గోడ అని పేరు పెట్టి, మా నాయన మాటను నోట్సు పైన మొదటి లైనుగా రాయించాను. అప్పట్లో నా క్లాసులో కూడా బల్లలు చరిచారు. నవ్వలేదని ఇందాక చెప్పింది అబద్ధం.

మరి ఎందుకు మానేశానంటే, తిమ్మయ్య వల్ల. కోసిగి పిల్లవాడు. వాళ్ళ ఊళ్ళో వానలు పడని ఏడు సగం ఊరు గుంటూరు పక్కకు మిరపకాయలు కోయడానికి పోతుంది. అలాంటి ఇంటి నుంచి వచ్చి ఎమ్మెస్సీలో చేరాడు. పరీక్షలో ఈ లెక్కను నా పద్ధతిలో చేశాడు. దిద్దినవాళ్ళ దగ్గరున్న జవాబుల కీలో గైడు పద్ధతే ఉంది. స్టెప్పులు లేవని మార్కులు కోశారు, నాలుగు మార్కుల తేడాతో ఫెయిలయ్యాడు. ఆ ఏడు తల్లిదండ్రులతో కలిసి వాడు కూడా మిరపకాయల కోతకు పోయాడు. అప్పటి మా హెడ్డు స్టాఫురూములో అందరి ముందు, "కీ ప్రకారం చెప్పడం చేతకాకుంటే పోయి మగ్గం నేసుకో" అన్నాడు. మరుసటి రోజు నుంచి గైడు పట్టుకున్నాను. మళ్ళీ వదల్లేదు.

ఇప్పుడు అదే మాటతో ఈ పిల్ల చప్పట్లు కొట్టించుకుంటోంది. నా పాత నోట్సు జిరాక్సు ఏ అంగట్లోనో దొరికి ఉంటుందనుకున్నాను. దొంగ. నా సెక్షన్ తీసుకుంది, నా పిల్లల్ని తీసుకుంది, చివరికి మా నాయనను కూడా తీసుకుంది. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. అడిగి కడిగేద్దామని రెండుసార్లు ఆమె గది దాకా వెళ్ళాను. ఏమని అడగాలి? అది మీదైతే మీరెందుకు చెప్పడం లేదని ఆమె ఎదురడిగితే?

ఏప్రిల్‌లో ప్రిన్సిపాలు మా ఇద్దరినీ పిలిచాడు. "ఈ పేపర్లో ఎవరి సెక్షన్ రిజల్టు బాగుంటే వచ్చే ఏడు రెండు సెక్షన్లూ వాళ్ళకే" అన్నాడు. ఆ మాట నాకొక అర్థంలో, సుజనకు ఇంకొక అర్థంలో తగిలింది. నాది పర్మనెంటు పోస్టు. ఆమెది ఏడాదికోసారి రాసే కాంట్రాక్టు. ఆమె ఓడితే ఇంటికే. సుజన తలూపి, "సరే సార్, మా పిల్లోల్లు బాగనే రాస్తారు" అంది. ఆ నమ్మకం చూసి నాకు ఇంకా మండింది.

మే నెలలో పరీక్ష పేపర్లు దిద్దే క్యాంపు పెట్టారు. ఎండ నలభై మూడు దాటింది. హాల్లో నాలుగు కూలర్లు గాలికంటే చప్పుడే ఎక్కువ చేస్తున్నాయి. నంబర్లు చించి కోడ్లు వేసిన పేపర్ల కట్టలు బల్లల మీదున్నాయి. మా పేపరుకు చీఫ్ ఎగ్జామినర్ని నేను. కీ రాయడం నా పని. ఏ స్టెప్పుకు ఎన్ని మార్కులో అందులో ఉంటుంది, మిగతా పన్నెండు మంది దాన్ని పక్కన పెట్టుకుని దిద్దుతారు. పెట్టె లెక్క పరీక్షలో వచ్చింది, పదిహేను మార్కులకు. విడదీయడానికి నాలుగు. కాస్‌హెచ్, సైన్‌హెచ్ కలిపి రాసినందుకు నాలుగు. పై గోడ దగ్గర ఒక సంఖ్య తేల్చినందుకు నాలుగు. చివరి జవాబుకు మూడు.

ప్రతి ఏడూ నేను కీ అడుగున ఒక లైను రాస్తాను. ఇంకో పద్ధతిలో సరైన జవాబు వస్తే పూర్తి మార్కులు ఇవ్వాలి అని. తిమ్మయ్య సంగతి తర్వాత, చీఫ్‌ను అయిన మొదటి ఏడు నుంచీ నాకు నేను పెట్టుకున్న నియమం అది. ఈసారి పెన్ను ఆ లైను దగ్గరికి వచ్చి ఆగింది. చెక్క అవతలి చప్పట్లు గుర్తొచ్చాయి. కాగితం మడిచి జిరాక్సుకు ఇచ్చేశాను.

నేనేమీ తప్పు రాయలేదు. రాయాల్సినదాన్ని రాయలేదు, అంతే. ఆ తేడాతో మధ్యాహ్నం దాకా నన్ను నేను బాగానే మోసం చేసుకున్నాను.

మధ్యాహ్నం రంగన్న పేపరు పట్టుకుని వచ్చాడు. నంద్యాల పక్క కాలేజీలో లెక్చరరు, నాకంటే పెద్దవాడు, వట్టి మంచివాడు.

"ఏమప్పా ఉమామహేశ్వరా, ఈ పిల్ల నేరుగా సైన్‌హెచ్ లోపల b మైనస్ y రాసింది. జవాబు సరిగ్గానే వచ్చినాది. నడిమి రెండు స్టెప్పులూ లేవు. కీలో ఇట్లాంటిది లేదు. ఏమిద్దాం?"

పేపరు చూశాను. పై గోడ మీద సున్నా వేసి, అక్కడి నుంచి కిందికి బాణం గీసి ఉంది. ఎవరి సెక్షనో చెప్పడానికి కోడు అక్కర్లేదు.

"కీలో లేనిదానికి మార్కులెట్లిస్తావన్నా?"

"జవాబు సరిగ్గా ఉండాది గదప్పా."

"స్టెప్పులుండాయా?"

"లేవు."

"అయితే ఏడు."

రంగన్న నా ముఖం వైపు ఒక్క క్షణం ఎక్కువే చూశాడు. తర్వాత పోయి ఎర్ర పెన్నుతో ఏడు వేశాడు. సాయంత్రం దాకా అలాంటి పేపర్లు ఇరవై దాకా తగిలాయి. అన్నిటికీ అదే మాట చెప్పాను. పదిహేనేళ్ళ కిందట తిమ్మయ్య పేపరు మీద ఏ చీఫ్ ఆ మాట అన్నాడో, ఎందుకన్నాడో నాకు తెలియదు. ఆ చీఫ్ కారణం నాదానికంటే మంచిదే అయ్యుంటుంది.

రిజల్టు వచ్చింది. ముప్పై మందిలో నా సెక్షన్లో ఐదుగురు ఫెయిలయ్యారు. ఆమె సెక్షన్లో పన్నెండు మంది. ప్రిన్సిపాలు నాకు చెయ్యి కలిపాడు. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను, దాచుకోవడం దేనికి.

మరుసటి రోజు సుజన నా టేబులు దగ్గరికి వచ్చింది. వెంట శిల్ప అనే విద్యార్థిని ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. దిద్దిన తన పేపరు నకలు తెప్పించుకుంది ఆ పిల్ల. రంగన్న వేసిన ఏడు దాని మీద కనిపిస్తూనే ఉంది.

"సార్, నేను తప్పు చెప్పినానా?" అంది సుజన.

"కీలో లేదు మ్మా."

"కీ మీరే రాసినారంట గదా సార్. అందుకే మిమ్మల్ని అడుగుతాండా. మీ పద్ధతికి మీరే మార్కులు కొయ్యరు గదా. యాడో నేనే తప్పు చెప్పింటా. అది యాడో చూసి చెప్పండి సార్, వీళ్ళకైనా సరిగ్గా చెప్పి పోతా."

మీ పద్ధతి అంది. నాకు అర్థం కాలేదు. శిల్ప తన క్లాసు నోట్సు తెరిచి నా ముందు పెట్టింది. పేజీ పైన ఎర్ర ఇంకుతో రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది. 'ఉమామహేశ్వర సారు పద్ధతి.' దాని కింద మొదటి లైను మా నాయన మాట.

"నీకిది యాడిది?" అని సుజనను అడిగాను.

"కడపలో మాకు తిమ్మయ్య సార్ చెప్పినాడు సార్. ఇది నాది కాదు, మా ఉమామహేశ్వర సారుదని ప్రతి బ్యాచికీ చెప్తాడు. ఈ లెక్కలోనే మార్కులు పోయి ఒక సంవత్సరం పోగొట్టుకున్న్యానని గూడా చెప్తాడు. మార్కులు పోయినా లెక్క తప్పు కాదు అంటాడు." సుజన చేతిలోని పాత నోటుబుక్కును టేబులు మీద పెట్టింది. "మొదటి దినమే మీకు చూపిద్దామని తెస్తి సార్. మీరు టైంటేబులు అంటిరి. తర్వాత మీరు నా పక్క చూసింది లేదు."

"పరీక్షలో గూడా మీ పేరు రాద్దామనుకుంటిమి సార్," అంది శిల్ప. "పేపర్లో ఎవరి పేరు రాసినా మాల్‌ప్రాక్టీసు కిందికొస్తాదని మేడమే వద్దన్న్యాది."

రాసి ఉంటే ఏం చేసేవాణ్ణో అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నా పేరు చూసి పదిహేనుకు పదిహేను వేసేవాణ్ణి. అది తలుచుకుంటే ఇంకా సిగ్గేస్తుంది.

తిమ్మయ్య లెక్చరరయ్యాడని కూడా నాకు తెలియదు. ఏడాది పోగొట్టుకున్నవాడు పట్టుకున్న పద్ధతిని వదల్లేదు. ఒక్క మాట పడినందుకు నేను వదిలేశాను. సుజన ఇంకా జవాబు కోసం చూస్తోంది.

"నువ్వు తప్పు చెప్పలేదు మ్మా" అన్నాను. "కీ అడుగున ఒక లైను రాయాల. ప్రతి ఏడూ రాస్తా. ఈసారి రాయలేదు."

"మరిచిపోయినారా సార్?"

అవుననడానికి నోరు తెరిచాను. ఒక్క మాటతో అంతా సర్దుకుపోయేది.

"మరిచిపోలేదు" అన్నాను.

సుజన తిట్టి ఉంటే బాగుండేది. టేబులు మీద పెట్టిన పాత నోటుబుక్కును మళ్ళీ చేతిలోకి తీసుకుని, శిల్ప భుజం పట్టుకుని వెళ్ళిపోయింది.

మరుసటి రోజు పొద్దున పరీక్షల ఆఫీసుకు వెళ్ళి కాగితం రాసిచ్చాను. కీ అసంపూర్ణంగా ఇచ్చాను, తప్పు నాది, ఆ ప్రశ్నను అందరికీ మళ్ళీ దిద్దించాలి అని. అక్కడి ఆఫీసరు రెండుసార్లు చదివి, "ఇది తీసుకుంటే మిమ్మల్ని ఇంక క్యాంపుకు పిలవరు సార్. చీఫ్ గానే కాదు, దిద్దడానికి గూడా" అన్నాడు. పిలవొద్దన్నాను. కారణం అన్న చోట ఏమీ రాయలేదేమని అడిగాడు. 'ఉద్దేశపూర్వకం' అని రాశాను. అసలు మాట రాయడానికి చెయ్యి రాలేదు.

మళ్ళీ దిద్దడానికి ఐదు వారాలు పట్టింది. పన్నెండు మందిలో పది మంది పాసయ్యారు. శిల్పకు పదిహేనుకు పదిహేను. సుజన 'ఏ' సెక్షన్ రిజల్టు నా సెక్షన్‌ను దాటింది. కానీ అప్పటికే మేనేజిమెంటు సుజన కాంట్రాక్టు ఆపేసింది. ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పి, ఆమెను మళ్ళీ పిలవమన్నాను. ఆయన ఫోను చేశాడు. ఆమె తిమ్మయ్య పనిచేసే కాలేజీలోనే చేరిపోయానని, రానని చెప్పిందట. ఆ మాట విన్నప్పుడు నా కడుపులో ఒక మూల చల్లగా తగిలింది. తప్పు దిద్దుకున్నంత మాత్రాన కుళ్ళు పోతుందని ఎవరన్నారో గాని, నాకైతే పోలేదు.

కొత్త బ్యాచి వచ్చింది. నేను కోరుకున్నట్టే రెండు సెక్షన్లూ నావే. చెక్కకు రెండు పక్కలా మళ్ళీ నా గొంతే. మూడో వారంలో పెట్టె లెక్క దగ్గరికి వచ్చాను. అలవాటు కొద్దీ కొలత సున్నాను అడుగున వేసి, అక్కడి నుంచి పైకి బాణం గీశాను. వెనక బెంచీలో హర్షవర్ధన్ అనే పిల్లవాడు లేచాడు. చేతిలో జిరాక్సు కాగితాలున్నాయి. శిల్ప నోట్సు అప్పుడే రాజ్‌విహార్ జిరాక్సు అంగళ్ళ దాకా పోయిందన్నమాట.

"సార్, సీనియర్లు ఇచ్చిన దీంట్లో వేరే మాదిరి ఉండాది. మూడు లైన్లలో వస్తాండాది. పైన ఉమామహేశ్వర సారు పద్ధతి అని రాసినారు. ఆ సారు యాడుంటారు సార్? మాకూ ఒకసారి చెప్పిస్తారా?"

క్లాసంతా నావైపే చూస్తోంది. యు.ఎం. సారు తప్ప ఇంకో పేరు తెలియని పిల్లలు. ఆ సారును నేనే అని చెప్పబోయి ఆగాను. ఆ జిరాక్సులో ఉన్న మనిషి మీద నాకు పట్టరాని అసూయ కలిగింది. సుజన మీద కూడా నేను అంత కుళ్ళుకోలేదు. వాడు ఇరవైల్లో ఉన్నాడు. వాడి క్లాసులో పిల్లలు బల్లలు చరుస్తారు. వాడు ఎవరి కీ కోసమూ చూడడు.

"మొదటి లైను చదువు" అన్నాను.

"నేసింది కాదు, మిగిలింది లెక్కపెట్టు" అని చదివాడు హర్షవర్ధన్.

నేను నేసింది ఇరవై రెండేళ్ళు. రిటైరు కావడానికి ఇంకా పదకొండేళ్ళుంది. డస్టరు తీసుకుని అడుగున వేసిన సున్నాను తుడిచేసి, పై గోడ దగ్గర వేశాను.